కోరెల్‌కు అలవాటుపడిన చేయి: రికార్డింగ్ షార్ట్‌కట్ల మీద ఒక కేస్ స్టడీ

ఒంగోలులో ఒక చిన్న రికార్డింగు గది నడుపుతూ, పని నేర్చుకోవాలని వచ్చేవారికి ఆడియో ఎడిటింగు నేర్పడం నా వృత్తి. వచ్చేవారిలో ఎక్కువమంది కంప్యూటరుకు కొత్తవారు కాబట్టి వారికి షార్ట్‌కట్లు (మెనూలోకి వెళ్లకుండా పని చేయించే కీబోర్డు మీటలు) నేర్పడం ఓపికతో అయ్యే పనే. ఇక్కడ రాస్తున్న కేసు అందుకు తిరగబడినది. కీబోర్డు మీద నాకన్నా వేగంగా చేయి ఆడే మనిషి, రికార్డింగు సాఫ్ట్‌వేర్ ముందు కూర్చునేసరికి నెమ్మదించడమే కాక, కొత్తవాళ్లు కూడా చేయని పొరపాట్లు చేయసాగారు. కారణం పట్టుకోవడానికి నాకు సుమారు నెల పట్టింది; అందులో మొదటి మూడు వారాలు తప్పు ఆమెలోనే ఉందనుకుంటూ గడిపాను. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఊరు, షాపు, అక్కడ పాడినవారి వివరాలు వదిలేశాను.

నేపథ్యం

ఆమె నెల్లూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో ఫ్లెక్సీ షాపులో పదేళ్లకు పైగా డిజైనింగు చేస్తున్నారు. పెళ్లి పత్రికలు, ఎన్నికల ఫ్లెక్సీలు, తిరునాళ్ల పోస్టర్లు అన్నీ కోరెల్‌డ్రా అనే డిజైనింగు సాఫ్ట్‌వేర్‌లోనే. తెలుగు అక్షరాలకు అను స్క్రిప్ట్ మేనేజర్ అనే టైపింగు సాఫ్ట్‌వేర్, అందులో ఆపిల్ కీబోర్డు అనే మీటల అమరిక. ఈ రెండింటి మీద ఆమెకు ఎంత పట్టు ఉందంటే, ఎదుటి మనిషితో ధర మాట్లాడుతూనే చేతులు వాటంతట అవి పత్రిక పూర్తి చేసేస్తాయి.

షాపు యజమాని వ్యాపారం పెంచాలని, ఫ్లెక్సీ చేయించుకునే వారికే మైకు ప్రచారం ఆడియో కూడా ఇక్కడే చేసి ఇవ్వాలనుకున్నారు. మా ప్రాంతంలో ఆటోకు మైకు కట్టి ఊరూరా తిప్పే ప్రచారానికి ఏడాది పొడవునా గిరాకీ ఉంటుంది. దానికి తోడు క్రిస్మస్ ముందు పాటలు రికార్డు చేయించుకునే సంఘాలూ, పద్యనాటకాల వాళ్లూ ఉంటారు. ఒక మైకు, దాన్ని కంప్యూటరుకు కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేసు కొని, రికార్డింగు సాఫ్ట్‌వేర్‌గా రీపర్ పెట్టుకున్నారు. చిన్న వ్యాపారాలకు దాని లైసెన్సు 60 డాలర్లు. అంతకుముందు 60 రోజులు వాడి చూసుకోవచ్చు. వీటికన్నా నాకు ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. రీపర్‌లో ఏ మీట ఏ పని చేయాలో మనం మార్చుకోవచ్చు, తీసేయవచ్చు, ఆ మార్పులన్నీ ఒక ఫైలుగా దాచుకోవచ్చు. ఈ వెసులుబాటు తర్వాత ఎంత పనికివస్తుందో అప్పటికి నాకు తెలియదు.

ఆమె వారానికి రెండు రోజులు ఒంగోలు వచ్చి నా గదిలో నేర్చుకుని, మిగతా రోజులు షాపులో సాధన చేసేలా మాట్లాడుకున్నాం.

వచ్చిన సమస్య

మూడు నిమిషాల ప్రచార ప్రకటన తీసుకుందాం. చదివిన గొంతులో ఊపిరి శబ్దాలు, తడబాట్లు, మళ్లీ మొదలుపెట్టిన వాక్యాలు తీసేసి, శుభ్రం చేసి ఇవ్వాలి. మొదటి వారం ఆమెకు ఈ పని 50 నిమిషాలు పట్టింది. కొత్తలో అది మామూలే. రెండో వారం, మూడో వారం కూడా అంతే పట్టింది. కోరెల్‌లో అంత చురుకైన చేయి ఇక్కడ ప్రతి పనికీ మౌసుతో మెనూలోకి వెళ్లి వెతుకుతోంది. షార్ట్‌కట్ వాడమని నేను గుర్తు చేస్తే వాడతారు. అప్పుడు పొరపాటు జరుగుతుంది. జరిగాక మళ్లీ మౌసుకే పోతారు. పొరపాటుకు భయపడి నెమ్మదిగా చేస్తున్నారని నాకు అనిపించింది. ఆ అంచనా సగం వరకే సరైనది.

నేను చేసినవి, అవి ఎందుకు పారలేదు

మొదట 40 షార్ట్‌కట్లు ఒక కాగితం మీద అచ్చువేసి, లామినేషన్ చేసి, మానిటరు పైన అంటించాను. నేను నేర్చుకున్నది అలాగే కాబట్టి వేరే దారి ఆలోచించలేదు. అది పారలేదు, కారణం కూడా ఆమె పనిలోనే ఉంది. కోరెల్‌లో బొమ్మ తెర మీద కదలకుండా మన కోసం ఆగి ఉంటుంది. తలెత్తి చార్టు చూసి, మళ్లీ తల దించినా బొమ్మ అక్కడే ఉంటుంది. శబ్దం అలా ఆగదు. గొంతులో ఒక చప్పుడు వినపడి, దానికి ఏ మీట నొక్కాలో చార్టులో వెతికి తిరిగి చూసేలోపు ప్లేబ్యాక్ నాలుగు వాక్యాలు దాటిపోతుంది. ఆ చప్పుడు ఎక్కడుందో మళ్లీ మొదటినుంచి విని వెతకాలి. కాబట్టి చార్టు సాయం చేయకపోగా ప్రతి దిద్దుబాటునూ రెండుసార్లు చేయిస్తోంది. షార్ట్‌కట్ల చార్టులు గోడకు అందంగానే ఉంటాయి. ఇప్పుడు నా గదిలో ఒక్కటీ లేదు.

తర్వాత అక్షరాల ద్వారా గుర్తు పెట్టించబోయాను. స్ప్లిట్‌కు (రెండు ముక్కలు చేయడానికి) ఎస్, మార్కర్‌కు (ఒకచోట గుర్తు పెట్టడానికి) ఎమ్, టేక్‌కు (ఒకే చోట రెండుసార్లు చేసిన రికార్డింగుల్లో ఒకదాని నుంచి మరోదానికి మారడానికి) టి. ఇంగ్లీషులో ఆలోచించేవారికి ఈ ముడి పడుతుంది. మా పని మాటల్లో మాత్రం స్ప్లిట్ అన్న మాటే లేదు. నేనూ ఆమెతో "ఇక్కడ కట్ చెయ్యమ్మా" అనేవాడిని. కట్ అంటే ఆమె చేతికి పదేళ్లుగా తెలిసిన మీట కంట్రోల్–ఎక్స్. రీపర్‌లో అది నొక్కితే రికార్డు చేసిన శబ్దపు ముక్క రెండుగా తెగదు, ఎంచుకున్న ముక్క మొత్తం తెర మీది నుంచి క్లిప్‌బోర్డులోకి వెళ్లిపోతుంది. నేను "కట్" అన్న ప్రతిసారీ గొంతు మాయమైపోవడం, ఆమె బెదిరి కంట్రోల్–జెడ్ నొక్కడం, నేను "వినకుండా నొక్కుతున్నారు" అని విసుక్కోవడం జరిగేది. నిజానికి ఆమె నా మాట విన్నారు. నేను పలికిన మాటకు సరైన మీటే నొక్కారు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. తట్టాక ఆ మాట మానేశాం. ఏమందాం అని అడిగితే ఆమె "తెంపడం అందాం సార్" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య ఎస్ అంటే తెంపు.

మూడోది, మౌసు తీసి పక్కన పెట్టించడం. రెండు రోజులు చేశాం. షాపులో ఖాతాదారు పక్కన కూర్చుని చూస్తుంటే ఆమె మీటల కోసం తడుముకోవలసి వచ్చింది, అది ఆమెకు నామోషీగా అనిపించింది, మానేశారు. నేను పట్టుబట్టలేదు.

ఈలోగా మరో చిక్కు వచ్చింది. నా గదిలో సరిగ్గా నొక్కిన మీటలు షాపుకు వెళ్లాక పనిచేయడం లేదని ఫోన్ చేసేవారు. "ఎస్ నొక్కతా ఉండా సార్, తెగలా" అని. ముక్కను ఎంచుకోలేదేమో, కర్సరు వేరేచోట ఉందేమో అని ఫోనులోనే సలహాలిచ్చాను. మతిమరుపు అనుకున్నాను. ఒక శనివారం వేరే పని మీద నెల్లూరు వెళుతూ దారిలో షాపు దగ్గర ఆగి చూస్తే విషయం అర్థమైంది. అదే కంప్యూటరులో అంతకుముందే పెళ్లి పత్రిక చేసి, అను కీబోర్డును తెలుగులోనే వదిలేసి, రీపర్ తెరిచారు. ఆమె వేలు ఎస్ మీటనే తాకుతోంది, కానీ మధ్యలో అను ఆ మీటను పట్టుకుని తెలుగు అక్షరంగా మార్చేస్తోంది, రీపర్‌కు ఎస్ చేరడమే లేదు. నా గది కంప్యూటరులో అను లేదు కాబట్టి అక్కడ ఈ చిక్కు ఎప్పుడూ రాలేదు. రికార్డింగు కోసం విండోస్‌లో వేరే యూజర్ అకౌంటు తెరిచి, అందులో అను మొదలు కాకుండా పెట్టాం. ఆ పనికి పది నిమిషాలు పట్టింది. దానికి ముందు రెండు వారాలు ఆమె జ్ఞాపకశక్తిని అనుమానించాను.

మలుపు

అసలు ప్రమాదం పద్యాల దగ్గర జరిగింది. ఒక పద్యనాటక కళాకారుడు పెద్ద వయసులో ఓపిక చేసుకుని షాపుకు వచ్చి పద్యాలు పాడి వెళ్లారు. రెండు రోజుల తర్వాత ఆమె వాటిని సరిచేస్తూ, ఒక పద్యం చివర చేసిన దిద్దుబాటునే తర్వాతి పద్యానికీ చేయాలనుకున్నారు. కోరెల్‌లో చివరి పనిని మళ్లీ చేయించే మీట కంట్రోల్–ఆర్. చేయి ఆ మీటే నొక్కింది. రీపర్‌లో కంట్రోల్–ఆర్ అంటే రికార్డింగు మొదలు. ట్రాకు ఆర్మ్ చేసి (రికార్డింగుకు సిద్ధంగా పెట్టి) ఉంది, మైకు కలిపి ఉంది. పద్యం ఉన్న చోట గదిలోని ఫ్యాను చప్పుడు రికార్డు కావడం మొదలైంది. ఆపగానే కొత్త ఫైలును ఉంచాలా చెరపాలా అని సాఫ్ట్‌వేర్ అడిగితే కంగారులో ఉంచేశారు. ట్రాకు సన్నగా ఉండటంతో పైకి కొత్త టేకు మాత్రమే కనిపించింది. పెద్దాయన పద్యం పోయిందనుకుని నాకు ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతు వణుకుతోంది.

పద్యం పోలేదు. రీపర్ పాత రికార్డింగు మీద కొత్తది పడితే పాతదాన్ని చెరిపేయదు, రెండింటినీ ఒకే ముక్కలో రెండు టేకులుగా ఉంచుతుంది. ముక్కను ఎంచుకుని టి నొక్కమన్నాను. పద్యం తిరిగి వచ్చింది. ఆ తర్వాత టి అన్న మీటను నేను ఆమెకు ఎప్పుడూ గుర్తు చేయవలసిన అవసరం రాలేదు. చార్టులో మూడు వారాలు కళ్లెదుట ఉన్న మీట ఒక్క నిమిషంలో చేతికి ఎక్కింది. ఆ తేడా నన్ను ఆలోచింపజేసింది.

తర్వాతి క్లాసులో పాఠం పక్కన పెట్టి, కోరెల్‌లో కంట్రోల్–క్యూ ఎలా నేర్చుకున్నారని అడిగాను. అక్షరాలను గీతలుగా మార్చే ఆ మీట తెలియని ఫ్లెక్సీ డిజైనరు ఉండరు. ఆమె నవ్వి, "ఎవురూ చెప్పలా సార్. ఫాంటు లేదని ప్రెస్సోళ్లు ఫైలు రెండుసార్లు తిప్పి పంపితే, ఇంక అట్టే వచ్చేసింది" అన్నారు. అంటే ఆమె చేతిలో ఉన్న ప్రతి మీట వెనుక ఒక తిరిగొచ్చిన ఫైలో, చెడిపోయిన ఫ్లెక్సీయో, యజమాని మందలింపో ఉంది. నేను నేర్పిన మీటల వెనుక అలాంటిది ఏదీ లేదు. పైగా నేను ఖాళీ చేతికి నేర్పుతున్నాననుకున్నాను. ఆ చేయి పదేళ్లుగా నిండి ఉంది.

పనిచేసిన పద్ధతి

రీపర్ మీటల జాబితాను పక్కన పెట్టి, ఆమె కోరెల్ మీటల జాబితా రాయించాను. చేయి ఆలోచించకుండా నొక్కే వాటినే రాయమంటే 20 పైచిలుకు వచ్చాయి. ఒక ఖాళీ ప్రాజెక్టు తెరిచి, వాటిని ఒక్కొక్కటిగా రీపర్‌లో నొక్కి, ఏం జరుగుతుందో ఇద్దరం కలిసి చూశాం. నా వృత్తిలో ఇంత ఉపయోగపడిన ఇంకో గంట నాకు గుర్తు లేదు.

కొన్ని రెండింటిలోనూ ఒకటే: సేవ్, అన్‌డూ, కాపీ, పేస్ట్. వీటిని అడగనవసరం లేదు. కొన్ని తాకిడి పడతాయి గానీ నష్టం లేదు. కోరెల్‌లో గీత గీశాక స్పేస్ నొక్కితే బొమ్మలను ఎంచుకునే పిక్ టూల్‌కు తిరిగి వస్తాం. రీపర్‌లో పాట మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. అక్కడ ఎఫ్2 నొక్కితే జూమ్. ఇక్కడ ముక్క వివరాల పెట్టె తెరుచుకుంటుంది, మూసేస్తే సరిపోతుంది. మూడో రకం మాత్రం పని చెడగొట్టేవి: కంట్రోల్–ఆర్, కంట్రోల్–క్యూ. కోరెల్‌లో ఫైలును కాపాడే కంట్రోల్–క్యూ రీపర్‌లో ఏకంగా సాఫ్ట్‌వేర్‌ను మూసేస్తుంది. సేవ్ చేయాలా అని అడుగుతుంది నిజమే, కానీ మీట నొక్కి ఊరుకోవడానికి అలవాటుపడిన చేయి ఆ పెట్టెను చదవదు. అలా ఒకసారి గంట పని పోగొట్టుకున్నారని అప్పుడే తెలిసింది. నాకు చెప్పడానికి మొహమాటపడ్డారు.

ఇక్కడ నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. రీపర్ మీటలన్నిటినీ కోరెల్ మాదిరిగా మార్చేయవచ్చు. చేతికి హాయిగా ఉంటుంది. కానీ రేపు ఆమె మరో స్టూడియోలో కూర్చుంటే ఆ మార్పులు అక్కడ ఉండవు. ఏదీ మార్చకుండా చేతినే మార్చుకోమనవచ్చు. ఆమె రోజూ సగం పూట కోరెల్‌లోనే పనిచేస్తారు కాబట్టి ఆ చేయి ఎప్పటికీ మారదు, మారితే పత్రికల పని దెబ్బతింటుంది. చివరికి నష్టం లేని తాకిడులను అలాగే వదిలేసి, నష్టం చేసే వాటి మీటలను మాత్రం తీసేశాం. ఏ మీట ఏ పనికో చూపే యాక్షన్ లిస్టులో కంట్రోల్–క్యూ, కంట్రోల్–ఆర్ రెండింటినీ ఖాళీ చేశాం, వాటి స్థానంలో మరో పనేదీ పెట్టలేదు. పాత అలవాటు కొద్దీ వేలు వాటి మీద పడితే ఏమీ జరగకూడదన్నది ఉద్దేశం. రికార్డింగును నంబరు ప్యాడ్‌లోని గుణకారం గుర్తుకు ఇచ్చాను. క్యూబేస్ అనే మరో రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో మొదటినుంచీ రికార్డింగు మీట అదే కావడం ఒక కారణం. ఆ మీట దాకా చేయి పనిగట్టుకుని వెళ్లాలి, పొరపాటున పడదు అన్నది రెండో కారణం. కంట్రోల్–ఎక్స్‌ను ముట్టుకోలేదు. ఆ తప్పు మీటది కాదు, నా మాటది. మాట అప్పటికే మార్చుకున్నాం.

నేర్పే తీరు కూడా మార్చాను. ఒక వారానికి నాలుగు మీటలే: స్పేస్, ఎస్, డిలీట్, కంట్రోల్–జెడ్. నిజమైన ప్రకటన ఫైలుకు నకలు తీసి, దాని మీదే పని. విన్న ప్రతిచోటా పైకి మాట్లాడుతూ నిర్ణయం చెప్పమన్నాను: "ఊపిరి, తెంపు", "తడబాటు, తెంపు, తీసెయ్". మాట ముందు, మీట వెనుక. రెండు రోజులకే నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. ఆమె ఆగిపోయే చోట్లలో చాలావరకు మీట గుర్తురాక ఆగినవి కావు, ఏం చేయాలో తేలక ఆగినవి. ఆటో మైకు ప్రకటనలో ఊపిరి తీసేయాలి. పద్యంలో రాగం ఎత్తుకునే ముందు తీసే ఊపిరి తీసేస్తే పద్యం గాలి ఆడనట్టు ఉంటుంది, దాన్ని వదిలేయాలి. ఈ తేడా చెవికి స్థిరపడ్డాక వేలు తడుముకోవడం తగ్గింది. నేను ఇన్నాళ్లూ షార్ట్‌కట్ సమస్య అనుకున్న దానిలో ఒక భాగం చెవి సమస్య.

తర్వాతి మీట ఆల్ట్–పి. ఇది రిపుల్ ఎడిటింగును మారుస్తుంది: ఒకసారి నొక్కితే ఆ ట్రాకుకు, మరోసారి నొక్కితే అన్ని ట్రాకులకు, మూడోసారి ఆపివేత. రిపుల్ ఉన్నప్పుడు మధ్యలో ముక్క తీసేస్తే వెనుకవన్నీ ముందుకు జరిగి ఖాళీని పూడ్చేస్తాయి. ఒంటి గొంతు ప్రకటనకు ఇది వరం. వాద్యాల ట్రాకు మీద పాడిన పాటలో ఒక్క ట్రాకుకు రిపుల్ పెట్టి ఊపిరి తీస్తే గొంతు ముందుకు జరుగుతుంది, వాద్యాలు కదలవు, అక్కడి నుంచి పాట తాళం తప్పుతుంది. ఇది నోటితో చెప్పలేదు. ఒక క్రిస్మస్ పాట నకలు ఇచ్చి, మొదటి చరణంలో మూడు ఊపిరులు రిపుల్‌తో తీయమని, తర్వాత చివరి చరణం వినమన్నాను. విని, హెడ్‌ఫోన్ తీసి నా వైపు చూశారు. "నిజం ఫైలైతే ఏంది సార్ గతి" అన్నారు. అప్పటి నుంచి పాట తెరవగానే రిపుల్ ఏ స్థితిలో ఉందో ముందు చూసుకుంటారు. కంట్రోల్–క్యూను ప్రెస్సు నేర్పింది, ఆల్ట్–పి విషయంలో ఆ ప్రెస్సు పని నేను చేశాను. నకలు కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

ఎనిమిదో వారానికి మూడు నిమిషాల ప్రకటన సుమారు 15 నిమిషాల్లో తయారవుతోంది. ఇందులో మీటల వాటా ఎంత, చెవి పదును వాటా ఎంత అని విడదీసి చెప్పలేను. ఇప్పటికీ ఫేడ్‌లు (శబ్దాన్ని మెల్లగా పెంచడం, తగ్గించడం), వాల్యూమ్ సరిచేయడం మౌసుతోనే చేస్తారు. వాటికి షార్ట్‌కట్లు నేర్పాలని నేను ప్రయత్నించలేదు. రోజుకు రెండుసార్లు వచ్చే పనికి మీట కంఠస్థం చేయించడం వృథా శ్రమ అని నా అభిప్రాయం.

నా పనిలో వచ్చిన మార్పు

ఇప్పుడు ఎవరు కొత్తగా వచ్చినా మొదటి రోజు రీపర్ తెరవను. ఇంతకుముందు ఏ సాఫ్ట్‌వేర్ మీద చేయి పడిందో అడిగి, ఆ మీటల జాబితా రాయిస్తాను. డీటీపీ వాళ్లతో ఒక రకం తాకిడి, వీడియో ఎడిటింగు నుంచి వచ్చేవారితో మరో రకం. ఇంట్లోనో షాపులోనో వాడే కంప్యూటరులో తెలుగు టైపింగు ఏది ఉందో కూడా అడుగుతాను. మీట పనిచేయలేదని ఎవరైనా ఫోన్ చేస్తే, మరిచిపోయారనే ముందు ఆ మీట సాఫ్ట్‌వేర్ దాకా చేరిందా అని చూడమంటాను. నేను వాడే మాటల విషయంలోనూ జాగ్రత్తపడుతున్నాను. కట్ అన్న మాట నా నోటినుంచి పూర్తిగా పోలేదు గానీ, అన్న వెంటనే సరిదిద్దుకుంటున్నాను.

ఒకటి మాత్రం తేలలేదు. మార్చిన మీటలు వేరే చోట లేకపోతే ఏమవుతుందన్న భయం నాకు చివరిదాకా ఉంది. కిందటి క్రిస్మస్ ముందు ఒక సంఘం వాళ్లు ఆమెను నెల్లూరులో వేరే స్టూడియోకు తీసుకెళ్లారు. అక్కడ క్యూబేస్. రికార్డింగుకు చేయి నంబరు ప్యాడ్ మీదికి వెళ్లింది, పని జరిగింది. పాట మధ్యలో తప్పు దగ్గర గుర్తు పెడదామని ఎమ్ నొక్కితే గాయని గొంతు ఒక్కసారిగా ఆగిపోయింది. క్యూబేస్‌లో ఎమ్ అంటే మ్యూట్. ఆ సంగతి ఆ రాత్రి ఫోనులో చెబుతుంటే ఈసారి ఆమె గొంతు వణకలేదు. మళ్లీ ఎమ్ నొక్కితే గొంతు వచ్చేసిందట. విరామంలో అక్కడి ఆపరేటరును అడిగి, క్యూబేస్‌లో చేయి పడకూడని మీటలేవో పర్సులోని పాత పెళ్లి పత్రిక వెనుక రాసుకుని వచ్చారట.